మన పురపాలక సంఘములు – వాని నిత్యకృత్యములు

(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



ఈ సభలో మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినప్పుడు విషయమేదియని యడిగితిమి. మీ యిష్టమనిరి. పెద్ద విషయములను గూర్చి చెప్పగలవారు ఈ వేదికపై చాలమంది కలరు. విద్యావ్యాప్తిని గూర్చి యుదయమున వింటిరి. వివాహవ్యయములను గూర్చి సాయంకాలమున వినబోవుచున్నారు. నడుమ, భోజనానంతరమున, మాకు లభించిన యీ యరగంటయందు సహజముగనే నిద్ర తెచ్చు విషయము నెత్తుకొనుట న్యాయమని తలచి, పురపాలక సంఘములు నెలనెలయు చేయు పనులను గూర్చి విన్నవింప నిశ్చయించితిమి. మేము ఈ ప్రాంతమునందలి యొక పట్టణమున ఒక పర్యాయము కౌన్సిలరుగా నుంటిమి. ఆ యూరి పేరు చెప్పము. చెప్పినచో మీలో కొందరు నవ్వుదురు, మరికొందరు నొచ్చుకొందురు.

ఏలూరు పురపాలక సంఘము 1866వ సంవత్సరమున ఏర్పడినది. అంతకు ముందటి యేడు చెన్నపురి ప్రభుత్వమువారు పట్టణాభివృద్ధి శాసనమును చేసియుండిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియై, గోదావరి నీరు తూర్పునుండియు కృష్ణనీరు పడమటనుండియు కాలువలవెంట ఏలూరు చేరిన కాలమది. రైలింకను రాలేదు, సరకులు పడవలమీద పోవుచుండెను. నాటి సంఘమున నధికారులును, అధికారులు పిలిచి కూర్చుండబెట్టిన పెద్దమనుష్యులును ఉండిరి. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానమును, పిమ్మట 1884, 1920 సంవత్సరముల శాసనములును ఎన్నికల ద్వారమును కొంచెము కొంచెముగా తెరచినవి. ఆంధ్రప్రదేశ పురపాలక శాసనము 1965లో వచ్చినది. 1993 జూన్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము ఈ సంఘములకు రాజ్యాంగమునందే స్థానము కల్పించి, 18 విషయములుగల 12వ షెడ్యూలును చేర్చినది. అందు పట్టణ ప్రణాళిక మొదలు మంచినీరు, వీధిదీపములు, జనన మరణముల లెక్క, శ్మశానములు, బందెలదొడ్లు వరకు నున్నవి. అంత గొప్ప గ్రంథమున బందెలదొడ్డికి చోటు దొరకుట చూచినప్పుడెల్ల మాకు సంతోషము కలుగును. ఏలూరు 2005లో నగరపాలక సంస్థయైనది. తాడేపల్లిగూడెము పురపాలక సంఘము 1958లో ఏర్పడినది. బెల్లము, ఉల్లి, ధాన్యముల వర్తకముతో పెరిగిన ఆ యూరు 2011 జనాభా లెక్కలనాటికే లక్ష దాటినది. ఏలూరు రెండు లక్షలు దాటినది.

చరిత్ర యింతటితో చాలును. కౌన్సిలు సభ యనగా పత్రికలలో మనము చదువునది కేకలు, బల్లలు చరచుట, సభను విడిచి బయటికి పోవుట. అట్టి దినములు ఏడాదికి రెండు మూడు. తక్కిన సభలయందు జరుగునది వేఱు. సభకు కొలది దినములు ముందుగా ఎజెండా కాగితముల కట్ట యింటికి వచ్చును. అందేమున్నదో చూడుడు. నీటి ట్యాంకులకు పటికయు, బ్లీచింగు పొడియు కొనుట. ఫలాని వార్డునందలి చేతిపంపు మరమ్మతు. చెత్త ట్రాక్టరునకు రెండు టైర్లు. పారిశుధ్యపు పనివారికి చీపుళ్లు, చేతితొడుగులు, సబ్బులు, కొబ్బరినూనె. మార్కెట్టు ఆశీలు వేలము. మునిసిపలు షాపుగదుల బాడుగ పెంపు. వీధికుక్కలకు శస్త్రచికిత్స చేయు వారికి సొమ్ము చెల్లింపు. దోమల మందు. ఎండకాలమున నీళ్ల ట్యాంకరు బండ్ల కిరాయి. గుమాస్తా యొకడు లేచి యంశము సంఖ్యను చదువును. చదువుట ముగియకమునుపే "ఆమోదము" అని నాలుగు గొంతులు పలుకును. నలువది యంశములు గంటకు లోపల ముగిసిన సభలను మేము చూచితిమి. అందు మా గొంతును ఉండెడిది.

అందొక తరగతి యంశములు గలవు. పని ముందు జరిగిపోవును, అనుమతి వెనుక వచ్చును. దీనిని ధ్రువీకరణ యందురు. నడిరాత్రి పెద్ద పైపు పగిలినచో నెల తరువాతి సభ వరకు నీరు ఆగదు కదా. కావున నియమము మంచిదే. కాని యాగదగిన పనులును ఆ దారినే వచ్చి చేరుటకు మొదలిడినచో కౌన్సిలు చేయునది పరిపాలనము కాదు, సంతకము. మొదటి యేడు మేము ఇట్టి యంశములను ప్రశ్నించుచుంటిమి. రెండవ యేడు ప్రశ్నించుట తగ్గెను. మా వార్డు పనులును ఆ జాబితాయందు చేరసాగెను గనుక తగ్గెనని యిప్పుడు చెప్పుటకు సిగ్గుపడము.

పన్నుల సంగతి క్లుప్తముగ చెప్పెదము. ఇంటిపన్నును బాడుగ విలువనుబట్టి కట్టుట పాత పద్ధతి. 2021నుండి స్థలము, కట్టడముల మూలధన విలువనుబట్టి కట్టుచున్నారు. ఒక్క యేట 15 శాతమునకు మించి పెంపు ఉండరాదని పరిమితి చేసిరి. చెత్త తీసికొనిపోవుటకు 2021లో ఇంటింటికి రుసుము పెట్టిరి, జనులు రుసరుసలాడిరి, 2024లో తీసివేసిరి. రుసుము పోయినది కాని చెత్త పోలేదు. సంవత్సరపు పన్నంతయు ఏప్రిలు నెలాఖరులోపల చెల్లించిన వారికి నూటికి అయిదు వంతున తగ్గింపునిచ్చు పద్ధతి యున్నదని మనవారిలో చాలమందికి తెలియదు. తెలిసినవారు దానిని వాడుకొనుచునే యున్నారు, వారికి మేము చెప్పవలసినది లేదు.

జనన మరణముల పుస్తకమును గూర్చి మాత్రము కొంచెము నిలిచి చెప్పవలెను. మన సంఘపు విద్యార్థివేతనముల దరఖాస్తులను కొన్నియేండ్లుగా మేము చూచుచున్నాము. పుట్టినప్పటి కాగితమున నొకపేరు, బడిలో నొకపేరు, తండ్రి యింటిపేరు ఒకచోట ముందు, ఇంకొకచోట వెనుక. కొన్నిట బిడ్డపేరే యుండదు, "మగశిశువు" అని మాత్రముండును. 1969 నాటి శాసనము ప్రకారము 21 దినములలోపల జననమును నమోదు చేయింపవలెను. పేరులేక నమోదైన బిడ్డకు ఏడాదిలోపల ఉచితముగను, అటుపిమ్మట 15 ఏండ్ల వరకు కొలది రుసుముతోడను పేరు చేర్పింపవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టినవారికి బడిలో చేరుటకును, బండి నడుపు లైసెన్సునకును, మరి యనేక కార్యములకును ఆ యొక్క కాగితమే పుట్టినతేదికి సాక్ష్యము. బారసాలకు నూరు విస్తళ్లు వేయు మనము ఆ మరునాడు మునిసిపలు ఆఫీసునకు పోవుటకు బద్ధకింతుము.

ఇక నీరు. మన కాలువలు ఎండకాలమున కట్టివేయబడును. ఆ దినములలో ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి యూళ్లకు ముందుగా నింపియుంచుకొన్న చెరువులే దిక్కు. చెరువునీటిని పటికతో తేర్చి, వడకట్టి, క్లోరిను కలిపి, ట్యాంకున కెక్కించి, నియమితవేళలందు వదలుదురు. మనిషి యొక్కనికి దినమునకు 135 లీటర్లు ఈయవలెనని లెక్క. కొళాయి చివరను లీటరు నీట 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియుండవలెనని ప్రమాణము. ఇవి కాగితమున నున్నవి. కాని నీరు వదలని వేళలందు గొట్టములలో ఏమి జరుగునో మీరాలోచించితిరా? గొట్టమున నొత్తిడి పోవును. ఆ గొట్టము మురుగుకాలువలోనుండి పోవుచు, అతుకువద్ద చిల్లిపడియున్నచో, బయటి మురుగును లోనికి పీల్చుకొనును. మరునాటి యుదయము కొళాయి తిప్పినప్పుడు మొదట వచ్చు నీరు అదియే. దీనికి తోడు మనవంటివారము కొళాయికి మోటారు తగిలింతుము. మోటారు లాగినకొలది దిగువ యిండ్లకు నీరు తగ్గుటయేగాక, గొట్టములోనికి మురుగు నీడ్చు బలమును పెరుగును. ఈ సభలో నున్నవారి యిండ్లలో నిట్టి మోటారులెన్ని కలవో మేమడుగము. మా యింట నొకటి యుండెడిది.

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరులో జరిగినది మీరెవ్వరును మరచియుండరు. దక్షిణపు వీధి మొదలగు తావులలో పిల్లలు, పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోవ జొచ్చిరి. కొలది దినములలో 600 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. చాలమంది గంటలలో తేరుకొనిరి. ఢిల్లీనుండియు, హైదరాబాదునుండియు, నాగపురమునుండియు శాస్త్రజ్ఞులు వచ్చి నీరు, పాలు, బియ్యము, కూరలు, రక్తము పరీక్షించిరి. కొందరి రక్తమున సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల యవశేషములను మిక్కిలిగ శంకించిరి. ఆ దినములలో ప్రతి యింటనుండి వినబడిన మొదటి ప్రశ్న యొక్కటే: కొళాయి నీరు త్రాగవచ్చునా? అది శాస్త్రజ్ఞుని కంటె ముందు వీధి కౌన్సిలరును అడుగదగిన ప్రశ్న. కాని యడుగుటకు ఆనాడు ఏలూరున కౌన్సిలరు లేడు. 2014లో ఎన్నికైన కౌన్సిలు కాలము 2019లో తీరినది. 2021 మార్చి 10వ తేదీన 50 డివిజనులకు ఎన్నికలు పెట్టిరి. హైకోర్టునందలి వ్యాజ్యముచే ఆ పెట్టెలు నాలుగు నెలలకు పైగా ముద్రలతో నుండి, జూలై 25వ తేదీన మాత్రమే తెరువబడినవి. తాడేపల్లిగూడెమున ఆ 2021 మార్చి యెన్నికలును జరుగలేదు. అధికారి పాలనమే సాగినది. అధికారులు పని చేయరని మా మాటకాదు. కొన్నిచోట్ల కౌన్సిలు లేనప్పుడే పనులు త్వరగా జరిగినవనువారు గలరు, వారిమాటయందు కొంత నిజమును గలదు. అయినను, తెల్లవారుజామున తలుపు తట్టి, నిద్రలేపి, నీరు రంగుమారినది వచ్చి చూడుమని చెప్పుటకు ఒక యిల్లు ఉండవలెను.

ఇప్పుడు మా సంగతి చెప్పెదము. ఇది చెప్పుటకే యీ విషయమును ఎంచుకొంటిమి.

మేము కౌన్సిలరుగా నున్న మూడవయేట, ఎజెండాయందు రెండు మురుగుకాలువల పనులుండెను. ఒకటి పదునొకండవ యంశము. ఊరి పల్లమునందలి పేటలో, పాత మట్టికాలువ స్థానమున సిమెంటు కాలువ. రెండవది పదునేడవ యంశము; మన కులమువారి కల్యాణమండపము ముందరి వీధికి కాలువయు, దానిపై పలకలును. సాధారణ నిధిలో నొక్క పనికే సొమ్ము గలదు. సభకు ముందటిరాత్రి మన పెద్దలైదుగురు మా యింటికి వచ్చిరి. వారిలో నిద్దరిప్పుడు లేరు. తాంబూలములైన పిదప, "బాబూ, మాఘమాసమునకు ముహూర్తములున్నవి; మండపము ముందు బురదలో పెండ్లివారు దిగునట్లుండరాదు; నీవుండి కూడ ఇది కాకున్న మన మెందులకు?" అనిరి. మేము మాట యిచ్చితిమి. మరునాడు పదునేడవ యంశమును ముందు తీసికొనవలెనని కోరితిమి. ఎవ్వరును కాదనలేదు; ఒకరి కోరికను మరియొకరు కాదనకుండుట అచ్చటి మర్యాద. అర నిమిషమున నామోదమైనది. పదునొకండవది వాయిదా పడినది.

ఇంజనీరు మాత్రము సభ ముగిసిన వెనుక వరండాలో మమ్మాపి, "అయ్యా, కాలువను దిగువనుండి పైకి కట్టుకొని రావలెను; పై కాలువను ముందు కట్టినచో నీరంతయు వేగముగా పోయి క్రిందివారిపై పడును" అని చెప్పెను. చిన్న యుద్యోగి. మేము విని, తలయూపి, బండి యెక్కితిమి.

మండపము ముందు కాలువ చక్కగా వచ్చెను. మాఘమున పెండ్లిండ్లు జరిగెను. మాకు శాలువయు కప్పిరి. ఆ యేటి వానలకు మా వీధిలో చుక్కనీరు నిలువలేదు. నీరు పల్లమెరుగును కదా. అది పోయి యా పేటలోని మట్టికాలువను నింపి, పొర్లి, ఇండ్ల గుమ్మములలో నిలిచెను. కొళాయి గొట్టము ఆ కాలువలోనుండియే పోవుచుండెను. శ్రావణమున మన మండపమున నొక పెండ్లి. ఉదయమున ముందటి వీధి యూడ్వబడలేదు. మేము శానిటరీ మేస్త్రీకి కబురుపెట్టి కోపపడితిమి. అతడు చేతులు కట్టుకొని చెప్పెను: ఈ వీధి యూడ్చువాడు రాలేదండి, వాని బిడ్డకు వాంతులు, విరేచనములు, రెండు దినములనుండి ఆసుపత్రిలో నున్నాడు, ఆ లైనులో ఇంక నలుగురు పిల్లలున్నారు.

బిడ్డ బ్రదికెను. తక్కిన నలుగురును బ్రదికిరి. బ్రదుకకున్నచో మేమీ సంగతిని మీ యెదుట చెప్పగలిగియుందుమో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నమే పేటకు పోయితిమి. కౌన్సిలరైన పిదప అక్కడికి పోవుట అది రెండవసారి, మొదటిసారి ఓట్లకు. ఆ బిడ్డ తల్లి మమ్ము నిందింపలేదు. ఏ కాలువ ఎక్కడ ముందు కట్టిరో ఆమెకు తెలియదు. "నీళ్లు ఎప్పుడు పోతాయి బాబూ?" అని మాత్రమడిగెను.

పదునొకండవ యంశము మా కాలమున మరల రాలేదు. అది పిమ్మటి కౌన్సిలున జరిగెను. దానిని తెచ్చిన సభ్యుడు మన కులమువాడు కాడు, మా పక్షమువాడును కాడు. మేము పోయి చూచి వచ్చితిమి. కాలువను దిగువనుండియే కట్టుకొని వచ్చిరి.

ఇందు మా తప్పు మాదే. కాని యా రాత్రి మా యింటికి వచ్చిన యైదుగురిలో నొక్కరైనను చెడ్డవారు కారు. వారు తమకొరకు కాదు, కులముకొరకు వచ్చిరి. అందుచేతనే కాదనుట మాకు కష్టమైనది. మన సంఘము మన ప్రతినిధులను అడుగునవి యేమని యీ జ్ఞాపికా సంచికల పాత ప్రతులు తిరుగవేసి చూచితిమి. స్థలము, మండపము, ద్వారతోరణము, వీధికి మన మహనీయుని పేరు. ఒక్క తీర్మానమునందైనను మురుగుకాలువ మాట లేదు. మనవారు పల్లపు పేటలలోను కాపురములున్నారు. వారు సభలకు రారు. చందా కట్టలేరు గనుక వారి పేర్లు సభ్యుల జాబితాలో లేవు.

దిగువ యన్నప్పుడు పేటతో నాగరాదు. ఏలూరు మురుగు ఎక్కడికి పోవుచున్నది? తమ్మిలేరు ఊరివద్ద రెండు పాయలై, ఊరిని చుట్టి, కొల్లేటిలో కలియును. ఊరి కాలువలును ఆ దారినే పోవును. కొల్లేటిని 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి; 2002లో రాంసార్ జాబితాయందు చేర్చిరి; 2006లో చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. గట్లు కొట్టినప్పుడు లంకగ్రామములవారి దుఃఖమును మనమందరము చూచితిమి. చెరువులవారి తప్పులెన్నియో యుండవచ్చును. కాని యెగువ పట్టణములనుండి వచ్చు మురుగునకు వారు కర్తలు కారు. సముద్రమునకు పోవుటకు కొల్లేటికి ఉప్పుటేరొక్కటే దారి. ఆ దారియు ఇరుకైనది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చినదెల్ల అక్కడ నిలిచిపోవును. ఏలూరు కౌన్సిలున 50 డివిజనులకు 50 మంది సభ్యులుండగా, ఆ నీటిలో వలవేయువానికి అందొక్క సభ్యుడు లేడు; ఉండుటకు చట్టమున వీలును లేదు. మురుగుశుద్ధి యంత్రమును గూర్చిన యంశము ఎజెండాలో వచ్చినప్పుడు వానికొరకు చేయి యెత్తువారు ఎవ్వరో యొకరు ఏలూరువారే కావలయును.

ఆహ్వానసంఘము కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. రెండు మనవులు మాత్రము. ఈ సంవత్సరము తీర్మానముల సంఘమువారు కల్యాణమండపపు రెండవ యంతస్తునకు పురపాలక సంఘమునుండి సహాయము కోరుచు నొక తీర్మానమును సిద్ధపరచినారని వింటిమి. దానికి ముందు, మనవారు కాపురమున్న పల్లపు పేటల పట్టిక యొకటి తయారుచేయించి, ఏ పేటలో కొళాయిగొట్టము మురుగుకాలువలోనుండి పోవుచున్నదో వ్రాయింపుడు. మన యువజనులకు రెండు ఆదివారముల పని. పట్టిక వచ్చిన పిదప తీర్మానము తిరిగి వ్రాయవచ్చును.

రెండవది చిన్నది. భోజనము చేసి చేతులు కడుగుకొనుటకు పెరటివైపు పోయితిమి. విస్తళ్లును, నీళ్ల ప్లాస్టిక్ గ్లాసులును పోయి కాలువకడ్డముపడి, నీరు ప్రక్కయింటివారి గోడవైపు మరలుచున్నది. రాత్రి భోజనములకు ముందు ఇద్దరు మనుష్యులను, ఒక పారను పంపవలసినదిగా ఆహ్వానసంఘమువారిని ప్రార్థించుచున్నాము.